అరుగు మీద ఆ ఏడాది

దుగ్గిరాలలో పాసింజరు బండి దిగి, పసుపు యార్డు వెనకనుంచి కాలవ కట్ట ఎక్కితే మా ఊరికి దారి అడగనక్కర్లేదు. అందులోనూ మాఘమాసమైతే, పసుపు ఉడుకుతున్న వాసనే ముందు నడిచి ఊళ్లోకి తీసుకెళ్లేది. తవ్విన పసుపు కొమ్ముల్ని పెద్ద పెద్ద ఇనప పెనాల్లో పోసి, ఎండిన పసుపాకునే కింద మంటగా వేసి ఉడకబెట్టేవాళ్లు. ఆ పొగా, ఆ ఆవిరీ, తడిమట్టి వాసనా కలిసి బట్టలకి పట్టేసేవి. తెనాలి నుంచి వచ్చే టీచరమ్మ "మీ ఊరి పిల్లలు గుమ్మంలోకి రాకముందే తెలిసిపోతారర్రా" అని నవ్వేది. ఆడపిల్లలనీ మగపిల్లలనీ లేదు, శివరాత్రి దాటి కళ్లాల్లో పసుపు ఆరేదాకా అందరి అరిచేతులూ గోళ్లూ పచ్చగానే ఉండేవి.

ఆ ఊళ్లో రామాలయానికి ఎదురుగా తాతయ్య కట్టించిన పెంకుటిల్లు, దానికి వీధి అరుగు. మనిషి కాళ్లు బారజాపి పడుకోగలిగినంత వెడల్పు. పరిచినవన్నీ నాపరాళ్లు, వేసవి రాత్రుళ్లు నీళ్లు చల్లితే గంటలో వీపు ఆనించుకోవడానికి హాయిగా ఉండేవి. ముందు కానుగ చెట్టు. పొద్దున్నుంచీ దాని నీడ అరుగు మీదే ఉండి, మధ్యాహ్నం తిరిగాక కాస్త కాస్త జరుగుతూ గుడి గోడెక్కేది. నీడతో పాటు మనుషులూ జరిగేవాళ్లు, మనుషులతో పాటు వాదనలూ జరిగేవి. అరుగు మధ్య రాయి మీద పులిజూదం గీతలు ఉలితో చెక్కి ఉండేవి. తాతయ్య ఇల్లు కట్టిన మేస్త్రీయే పని లేని పూట తోచక చెక్కాడట.

ఆ అరుగు మీద కూచునేవాళ్లకి తెలియని విషయం లేదు. పెద్దనాన్న కాంగ్రెస్సు. బాబాయి తెలుగుదేశం. ఇద్దరి మధ్యా పుట్టిన మా నాన్న ఏ పార్టీయో మాకు ఇప్పటికీ తెలియదు, అడిగితే గేదెకి చిట్టు కలపాలని లేచి వెళ్లిపోయేవాడు. రిటైరైన లెక్కల మేష్టారు మాత్రం ఏ పార్టీలోనూ ఇమడని మనిషి. దేవుడు లేడనేవారు, శ్రీరామనవమికి పానకం మాత్రం మూడు గ్లాసులు తాగేవారు, "పానకం ఉందనడానికి రుజువుంది" అనేవారు. కుర్రతనంలో తెనాలిలో చదువుకున్నారు. హేతువాది, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పోయింది 1943లో, అప్పటికి మేష్టారు ఇంకా పలకా బలపం వయసే. అయినా కవిరాజు గారి ఇల్లు సూతాశ్రమం ముందునుంచి నడిచి కాలేజీకి వెళ్లానని చెప్పేటప్పుడు ఆయన నడుము కాస్త నిటారుగా అయ్యేది. విజయవాడ పటమటలో గోరా గారి నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమేమీ లేదని జనానికి చూపించిన సంగతి మాకు ఆయన నోటే తెలిసింది. ఇక టీకొట్టు మామ. ఆయన మా కానుగ చెట్టు కిందే బల్ల వేసుకున్నాడు కాబట్టి అందరి మాటకీ "అంతేగా మరి" అనడం ఆయన వృత్తిధర్మం.

నా పని పొద్దున్నే పేపరు తేవడం. పొలం నుంచి వచ్చే పాల క్యాను పాలకేంద్రంలో దింపి, తిరుగుదారిలో రోడ్డు మీద బస్సు విసిరేసి వెళ్లిన కట్ట లోంచి మా ఈనాడు తీసుకుని, మంచులో తడవకుండా చొక్కాలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చేవాణ్ణి. తాతయ్యకి రెండు కళ్లకీ శుక్లాలు. అందుకని పైకి చదవడం కూడా నాదే. ఒక్కో వార్త కాగానే నేను ఆగాలి. ఆ మీద అరుగు తీర్పు చెప్పాలి. అప్పుడు తరవాతి వార్త. మేష్టారికి పోస్టులో విశాలాంధ్ర ఒకరోజు ఆలస్యంగా వచ్చేది, నిన్నటి తీర్పుల మీద ఆయన అప్పీలు ఇవాళ ఉండేది.

నేనీ చెప్పేదంతా 1995 సంగతి. తలుచుకుంటే ఇప్పటికీ అనిపిస్తుంది, ఒక్క ఏడాదిలో అన్ని వింతలు ఎలా ఇరికాయా అని. ముందటేడు డిసెంబరు ఎన్నికల్లో 294 సీట్లకి ఒక్క తెలుగుదేశానికే 216 వచ్చాయి, కాంగ్రెస్సు 26 దగ్గర ఆగిపోయింది. బాబాయి ఆ రెండు అంకెల్నీ మా ధాన్యపు గది తలుపు మీద సుద్దముక్కతో రాశాడు. ఎవరూ చెరపడానికి వీల్లేదు. అదే తలుపు మీద అంతకు ముందెప్పుడో పిన్ని రాసిన "ఓ స్త్రీ రేపు రా" అన్న అక్షరాలు ఇంకా పూర్తిగా మాసిపోలేదు. రాత్రిపూట ఎవరో ఆడమనిషి వచ్చి తలుపు కొడుతుందనీ, ఇలా రాసి పెడితే చదువుకుని వెనక్కి పోతుందనీ అప్పట్లో ఊరూరా గోల. రోజూ వచ్చి చదువుకుంటుంది గనక రోజూ రేపే. దయ్యానికి తెలుగు చదవడం వచ్చునని నమ్మిన మా పిన్నికి ఆ తలుపు మీద పైన దయ్యం, కింద కాంగ్రెస్సు కనపడేవి. పెద్దనాన్న ఆ తలుపు వైపు చూడకుండానే లోపలికెళ్లి ధాన్యం కొలుచుకునేవాడు.

సంక్రాంతి వెళ్లగానే సంపూర్ణ మద్యనిషేధం. దాని మీద అన్నదమ్ములకి పడిన వాదన వేసవి దాకా నడిచింది. "సారా ఆపింది మా విజయభాస్కరరెడ్డి, 93లో. మీ రామారావు వచ్చి సీసాకి బిరడా బిగించాడంతే" అనేవాడు పెద్దనాన్న. "మీవాడు పేదోడి సారా ఆపి డబ్బున్నోడి బ్రాందీ ఉంచాడు. అన్నగారు ఇద్దర్నీ సమానం చేశాడు. నువ్వు ఏడవాల్సింది అందుకు అన్నయ్యా" అనేవాడు బాబాయి. "అసలు ఆపింది వీళ్లిద్దరూ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని రోడ్డెక్కితే ఆగింది" అని మేష్టారు ఇద్దరి నోళ్లూ ఒకేసారి మూయించేవారు. అరుగు లోపల గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్న నాయనమ్మ అప్పుడు మాత్రం చేట ఆపి "మేష్టారు చెప్పిందే నిజం" అనేది. మిగతా ఏ విషయంలోనూ ఆయన మాట ఆవిడ ఒప్పుకున్న పాపాన పోలేదు.

వాదన ముదిరితే మధ్యలో పులిజూదం పరిచేవారు. మా అరుగు మీద పులులు మూడు, పగిలిన పెంకు ముక్కలు. మేకలు పదిహేను, చింతగింజలు. పులి మేకని దూకి తింటుంది, మేకలు తినలేవు, ఒకదాని పక్కన ఒకటి చేరి పులి కదలకుండా దారులన్నీ కట్టేయాలి. పెద్దనాన్న ఎప్పుడూ పులులే తీసుకునేవాడు. మేష్టారు ఎప్పుడూ మేకలే, "సంఖ్య మాది" అనేవారు. మొదటి నాలుగైదు మేకలు పోయేదాకా పెద్దనాన్న మీసం దువ్వుకుంటూ ఉండేవాడు. ఆ తరవాత మేష్టారు ఒక్కో గింజనీ రెండు వేళ్లతో ఎత్తి, కాస్త ఊది, పెట్టాల్సిన చోట మెల్లిగా నొక్కి పెట్టేవారు. ఆ ఊదడం చూస్తే పెద్దనాన్నకి ఒళ్లు మండేది. సాయంత్రం నీడ గుడి గోడెక్కే వేళకి మూడు పులుల్లో రెండు మూలకి చేరి ఉండేవి. మేష్టారు చివర్లో పెద్దవాడి మర్యాద పాటించి ఒక దారి వదిలేవారని తాతయ్య నాతో రహస్యంగా అన్నాడు. చూపు సరిగా లేని తాతయ్యకి ఆటంతా చప్పుడుతోనే తెలిసిపోయేది.

మా పిల్లలకి మాత్రం ఆ ఏడాదికి పులిజూదం పాతబడిపోయింది. దుగ్గిరాలలో ఆడియో క్యాసెట్ల షాపు వెనక గదిలో టీవీ గేము పెట్టారు. అరగంటకి రెండు రూపాయలు. రెండు రూపాయలంటే ఎండాకాలమంతా కానుగ కాయలు ఏరి, రాయి మీద కొట్టి, గింజలు తీసి కొట్లో తూకం వేస్తే వచ్చే డబ్బు, లేదా కార్తీకంలో కోతలయ్యాక చేలో పరిగె ఏరి అమ్మితే వచ్చే డబ్బు. వేళ్లు చీరుకుపోయేవి, దాన్ని ఎవరూ కష్టం అనుకోలేదు. నడిచి వెళ్లి, వరసలో కూచుని, ముందువాడి ఆట అయ్యేదాకా ఆ చీకటి గదిలో కొబ్బరినూనె తలల మధ్య ఇరుక్కుని చూడటం కూడా ఆటే. చూస్తున్నందుకు షాపు బావ డబ్బు అడగడు కాబట్టి ఎక్కువ ఆట అదే.

గేము క్యాసెట్టు పనిచేయకపోతే తీసి, అడుగున ఊది, మళ్లీ పెట్టాలి. ఎందుకు ఊదాలో ఎవరికీ తెలియదు, ఊదనివాడు లేడు. చింతగింజని ఊదే మేష్టార్ని నేనా గదిలో చాలాసార్లు తలుచుకున్నాను. క్యాసెట్టు మీద 9999 ఆటలని అచ్చేసి ఉండేది. నిజానికి లోపల ఉన్నవి ఏడో ఎనిమిదో. మిగతావన్నీ అవే పేరు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి. ఇది నేను అరుగు మీద చెబితే పెద్దనాన్న తొడ చరిచి "మీ బాబాయి పార్టీ మేనిఫెస్టోరా అది" అన్నాడు.

అందులో మాకు ప్రాణం కాంట్రా. తుపాకులు పట్టుకున్న ఇద్దరు మనుషులు అడవిలో పరుగెత్తుతూ ఉంటారు, మూడు ప్రాణాలు పోతే ఆట అయిపోతుంది, మా రెండు రూపాయలూ పోతాయి. గుంటూరులో ఉండే మా అత్త కొడుకు ఆ వేసవిలో నాకు ఒక కార్డు రాశాడు. 15 పైసల కార్డు నిండా ఒక్కటే వాక్యం: పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ. ఆట మొదలయ్యే ముందు బటన్లు ఇలా నొక్కితే ముప్పై ప్రాణాలు వస్తాయట. కార్డు కాబట్టి పోస్టుమాన్ చదివాడు, టీకొట్టు మామ చదివాడు, తాతయ్య చదివించుకున్నాడు. నాయనమ్మ చేతులు తుడుచుకుని వచ్చి "ఏ దేవుడి మంత్రంరా అది, ఎన్నిసార్లు చదవాలి?" అంది.

ఆవిడ అలా అడగడంలో వింతేమీ లేదు. ఆ రోజుల్లో కార్డులంటే సగం అలాంటివే. ఫలానా స్వామి సర్పమై పూజారికి కనపడ్డాడనీ, ఈ ఉత్తరం అందినవాళ్లు ఇరవై ఒక్కమందికి రాస్తే లాటరీ తగులుతుందనీ, చింపేసినవాడు రక్తం కక్కుకున్నాడనీ వచ్చేవి. కింద పేరుండదు, ఊరుండదు. నాయనమ్మ నాచేత రాయించేది. కార్డుల ఖర్చు మూడు రూపాయల పైచిలుకు, అంటే నా లెక్కలో కాంట్రా ముప్పావుగంట. మేష్టారికి వచ్చిన కార్డు మాత్రం ఆయన అందరి ముందూ పొట్లం చుట్టి నస్యం పోసుకున్నారు. "ఏమవుతుందో చూద్దాం, ఇది ప్రయోగం" అన్నారు. ఏమీ కాలేదు. నెల తిరక్కుండా తెనాలి బజార్లో ఆయన సైకిలు పోయింది. అది ఎందుకు పోయిందో నాయనమ్మకి తెలుసు, తాళం వేయడం మర్చిపోవడం వల్ల పోయిందని మేష్టారికి తెలుసు. ఇద్దరూ వాళ్ల వాళ్ల రుజువుతో తృప్తిగా ఉన్నారు.

నా కార్డు సంగతీ తేల్చాలన్నారు మేష్టారు. "నమ్మకు, నమ్మకపోకు. నొక్కి చూడు." తరవాతి ఆదివారం మేము నలుగురం చందాలు వేసుకుని వెళ్లి నొక్కాం. వచ్చాయి. ముప్పై ప్రాణాలు! గదిలో కేకలకి ముందు షాపులో పాట వినపడలేదని బావ తిట్టాడు. తిరిగొచ్చి చెబితే మేష్టారు నాకంటే ఎక్కువ సంతోషించారు. నాయనమ్మా సంతోషించింది, మంత్రం పలికిందని.

ఆగస్టులో మాత్రం అరుగు కళ తప్పింది. హైదరాబాదులో తెలుగుదేశం ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో చేరారు. మామ రామారావుని దించి అల్లుడు సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ వారం రోజులూ నేను పేపరు చదువుతుంటే ఎవరూ మధ్యలో ఆపలేదు. బాబాయి అన్నగారి పక్షానే ఉండిపోయాడు, ఆయన పార్టీ స్నేహితులు సగం మంది అటు వెళ్లారు. పదమూడేళ్లుగా తమ్ముడితో మాత్రమే వాదించడం అలవాటైన పెద్దనాన్న ఎవర్ని తిట్టాలో తెలియక ఇద్దర్నీ తిట్టి చూశాడు, రుచించలేదు. "కాంగ్రెస్సు వాడి అవసరమే లేకుండా మీరే కానిచ్చుకున్నారు కదయ్యా" అని ఒక్కమాట అని, బాబాయి మొహం చూసి, టీ చెప్పాడు. గుంటూరు ఏసీ కాలేజీలో చదివే రోజుల్లో రామారావుని సైకిలు మీద చూశానని తాతయ్య చెప్పే కథ ఒకటుండేది, ఏడాదికో కొత్త వివరం చేరుతూ. ఆ నెల ఆ కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు బాబాయి.

వినాయక చవితి వెళ్లి పందిరి గుంజలు ఇంకా పీకలేదు, సెప్టెంబరు 21, గురువారం, రైసుమిల్లు ఫోనుకి హైదరాబాదు నుంచి కబురొచ్చింది, వినాయకుడు పాలు తాగుతున్నాడని. ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ అదే. గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చి అరుగు మీద చెప్పాడు, మధ్యాహ్నానికల్లా మా రామాలయం లోపల మూలనున్న చిన్న రాతి వినాయకుడి ముందు గుడి దాటి మా అరుగు దాకా వరస. ఇత్తడి చెంబులు, స్టీలు గ్లాసులు, ఒక పెద్దావిడ ఏకంగా తప్పేలా. నాయనమ్మ దాలిలో కాగుతున్న పాలలోంచి మీగడ కదలకుండా గ్లాసుడు వంచుకుని, తడిబట్టతో వెళ్లింది, వేలు పట్టుకుని నేను. చెంచా తొండం దగ్గర ఆనించి కాస్త వంచితే పాలు నిజంగానే అంచునుంచి లాక్కున్నట్టు వెళ్లిపోయాయి. నాయనమ్మ కళ్లలో నీళ్లు. నాకూ వెన్ను జలదరించింది. అబద్ధమాడను.

మేష్టారు గుళ్లోకి రాలేదు. అరుగు మీద రుబ్బురోలు పొత్రాన్ని పడుకోబెట్టి, చెంచాతో పాలు దాని గుండ్రటి కొసకి ఆనించారు. పొత్రమూ తాగింది. జనం కొంచెం ఇటు తిరిగారు. అప్పుడాయన లోపలికి కేకేసి చిటికెడు పసుపు తెప్పించి పాలల్లో కలిపారు. మా ఊళ్లో ఇంకేం దొరికినా దొరక్కపోయినా పసుపుకి కరువా! పచ్చటి పాలు చెంచా అంచు దాటి రాతికి తగలగానే సన్నటి పొరలా పాకుతూ, రాతి పొట్ట మీదుగా కిందికి జారి, నాపరాయి మీద గీతగా పోవడం అందరికీ స్పష్టంగా కనపడింది. "తలతన్యత. ఎనిమిదో తరగతిలో చెప్పాను నీకు" అన్నారు రైసుమిల్లు గుమాస్తాతో. ఢిల్లీలో శాస్త్రవేత్తలు కూడా పాలల్లో రంగు కలిపి ఇలాగే చూపించారని మర్నాడో ఆ మర్నాడో పేపర్లో వచ్చింది. మేష్టారు ఆ వార్త నాచేత రెండుసార్లు చదివించారు.

ఆ పచ్చటి గీత వంక చాలాసేపు చూసి నాయనమ్మ అన్నమాట మా ఇంట్లో ఇప్పటికీ అనుకుంటాం. "పసుపు కలిపాక స్వామి ఇంకా ప్రీతిగా తాగుతున్నాడు, చూశారా మేష్టారూ." మేష్టారు నోరు తెరిచి, మూసి, "పొత్రం కదమ్మా అది" అన్నారు నీరసంగా. "పొత్రంలో మాత్రం లేడా?" అంది ఆవిడ. సాయంత్రం మిగిలిన పాలతో సేమ్యా పాయసం చేసి ముందుగా ఆయన ఇంటికే పంపింది, సైకిలు లేదు పాపం నడిచి వెళ్లాడని.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలైంది సరిగ్గా ఆ ఏడాదే, ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ చేత. వినాయకుడి కబురు దానికి నెల తరవాతది, దానికి ఇంటర్నెట్ అవసరమే పడలేదు, రైసుమిల్లు ఫోను చాలింది. లండన్‌లో గుళ్ల ముందు కూడా అదే రోజు వరసలు కట్టారు. అంతకు ముందునుంచే అమెరికాలో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్లు ఇంటర్నెట్ చర్చావేదిక యూజ్‌నెట్‌లో ఎస్‌సీఐటీ అని ఒక అరుగు వేసుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ, సినిమాలూ పార్టీలూ దేవుడూ ఏదీ వదలకుండా వాదించుకునేవారని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. ఆ రాత కోసమని రైస్ యూనివర్సిటీలో ఒక పద్ధతి కూడా తయారుచేసుకున్నారు. ఆ పాత వాదనలు కొన్ని చదివితే మా పెద్దనాన్నా బాబాయీ మేష్టారూ అందరూ కనపడ్డారు నాకు. దుగ్గిరాల గేము గది కూడా తరవాత నెట్ సెంటరు అయింది, అదే బావ, అదే గది, కొబ్బరినూనె వాసన మాత్రం తగ్గింది.

ఇవాళ్టి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో అరవైమందిమి ఉన్నాం. ఆ ఇరవై ఒక్కమంది కార్డు రోజుకొకటి వస్తుంది, రాసినవాడి పేరు ఇప్పుడూ ఉండదు. జనం చెడిపోయారని నేననను, నాయనమ్మకి ఫోనుంటే అందరికంటే ముందు ఆవిడే పంపేది. నాకు తోచే తేడా చిన్నది. అరుగు మీద ఒకడి అభిప్రాయం వింటున్నప్పుడు వాడి ఎడ్లూ, వాడి అప్పులూ, వాడి కూతురి పెళ్లీ అన్నీ మనకి తెలుసు, వాడెందుకు అలా అంటున్నాడో సగం అక్కడే అర్థమైపోయేది. పైగా రేపు నాట్లకి వాడి నాగలే కావాలి. అందుకని ఎంత తిట్టుకున్నా ఒక మాట లోపలే ఉంచుకునేవాళ్లు. గ్రూపులో మా అన్నయ్య కొడుకు ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి మాట పట్టుకొచ్చి మేనమామని నిలదీస్తాడు, మేనమామ గ్రూపులోంచి వెళ్లిపోతాడు, మళ్లీ చేర్చడానికి ఆడవాళ్లు ఫోన్లు చేసుకుంటారు. అరుగు మీంచి అలిగి వెళ్లినవాడు టీ కోసమైనా తిరిగి రావలసిందే, వేరే టీకొట్టు లేదు.

మళ్లీ ఆ ఏడాదికొస్తే, దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం. ఉత్తరాదిన సంపూర్ణం, మాకు పాక్షికం. నాయనమ్మ ముందురోజే దర్భలు తెప్పించి ఊరగాయ జాడీల మీదా నీళ్ల బిందెల మీదా వేసింది. నెలలు నిండిన పిన్నిని నడిమింట్లో పడుకోబెట్టి కిటికీకి దుప్పటి కట్టింది. మేష్టారు అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టి కిందికి నీడ పట్టి చూపిస్తుంటే మేము చుట్టూ మూగాం. అప్పుడు చూశాను, బెజ్జం అట్టముక్కకే కాదు, కానుగాకుల సందుల్లోంచి పడిన ఎండ చుక్కలన్నీ చంద్రవంకల్లా వంగిపోయి ఉన్నాయి. అరుగు నిండా వంకలు, పులిజూదం గీతల మీద వంకలు, నిద్రపోతున్న తాతయ్య పంచె మీద వంకలు. గుమ్మం దాటకూడదని లోపలే నిలబడిన నాయనమ్మ ఆ రాళ్ల మీద గ్రహణమంతా చూసింది. "బయటికి రాలేదుగా, చూస్తే తప్పులేదు" అని మేష్టార్ని అడిగింది, ఆయన ఆ పూట శాస్త్రి గారిలా "తప్పులేదమ్మా" అన్నారు.

సంక్రాంతికి గుంటూరు నుంచి అత్త కొడుకు ఏకంగా టీవీ గేమే పట్టుకొచ్చాడు. తలుపులున్న మా సాలిడెయిర్ బ్లాక్ అండ్ వైట్ టీవీకి యాంటెన్నా వైరు పీకి దాన్ని తగిలించాడు. తాతయ్యకి అప్పటికి తెనాలిలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. మందపాటి అద్దాలు సర్దుకుని మా కాంట్రా ఆట మొదటినుంచీ చూశాడు. ముప్పై ప్రాణాల మంత్రమూ చూశాడు. కాసేపయ్యాక "వీడు వెనక్కి ఎందుకు పోడురా?" అన్నాడు. పోవడానికి లేదు తాతయ్యా, తెర వెనక్కి జరగదు అన్నాను. "అదేం ఆట మరి? పులయినా మేకయినా వెనక్కి తగ్గడం తెలియాలిగా." ఇంకాసేపు చూసి, "ముప్పై ప్రాణాలున్నాయని వీడికి బొత్తిగా భయం లేకుండా పోయింది. మా మేకకి ఒక్కటే, అందుకని చూసుకుని అడుగేస్తుంది" అని లేచి అరుగు మీదకి వెళ్లిపోయాడు. అత్త కొడుకు మర్నాడు తనే వెళ్లి పులిజూదం నేర్పమని కూచున్నాడు, నాలుగు ఆటల్లో నాలుగూ ఓడిపోయాడు.

కనుమ వెళ్లి రెండు రోజులు. పిండివంటల డబ్బాలు ఇంకా ఖాళీ కాలేదు. జనవరి 18 పొద్దున్నే రేడియోలో చెప్పారు, రామారావు పోయాడని. అత్త కొడుకు ఎవరూ చెప్పకుండానే గేము వైరు పీకి యాంటెన్నా వైరు పెట్టాడు. ఇల్లు జనంతో నిండిపోయింది, అరుగు మీద నిలబడినవాళ్లు కిటికీలోంచి చూశారు. బాబాయి పాలు తీయడానికి కూడా వెళ్లలేదు, నాన్న రెండు గేదెలకీ తనే తీసి, చిట్టు కలిపి, వచ్చి తమ్ముడి పక్కన కూచున్నాడు. పెద్దనాన్న కానుగ చెట్టు మొదట్లో గొంతుకూచుని, పొద్దెక్కినా ఒక్కమాట మాట్లాడలేదు. మధ్యాహ్నం బాబాయే బయటికొచ్చాడు. "ఏదో ఒకటి అను అన్నయ్యా. నువ్వు తిట్టకపోతే నాకేం తోచడంలేదు" అన్నాడు. పెద్దనాన్న తల అడ్డంగా ఊపి, భుజం మీద తువ్వాలు తీసి అతనికిచ్చాడు.

పదకొండో రోజు దాకా అంతే. ఆ తరవాత పెద్దనాన్న మెల్లిగా మొదలుపెట్టాడు, ముందు కరెంటు కోతతో, ఆ మీద కొత్త ముఖ్యమంత్రితో. బాబాయి ఎవరి తరఫున జవాబివ్వాలో తేల్చుకోలేక కొన్నాళ్లు లెక్కల మేష్టారి పక్షాన వాదించాడు. పసుపు ఉడకబెట్టడం మొదలయ్యేసరికి గొంతులు పూర్తిగా లేచాయి. వేసవిలో లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. రాష్ట్రంలో 42 సీట్లకి కాంగ్రెస్సుకి 22, తెలుగుదేశానికి 16. ఢిల్లీలో కాంగ్రెస్సు ఓడిపోయిన సంగతి పెద్దనాన్న చెవిన వేసుకోలేదు. సుద్దముక్క తీసుకుని ధాన్యపు గది తలుపు దగ్గరికెళ్లి, 216 కింద, దయ్యానికి రాసిన అక్షరాలకి తగలకుండా, 22 అని మూరెడు పొడుగున రాశాడు. అరుగు మీద ఉన్నవాళ్లందరికీ టీలు చెప్పాడు. డబ్బులు మాత్రం బాబాయి ఖాతాలో రాయమన్నాడు. టీకొట్టు మామ "అంతేగా మరి" అంటూ రాసుకున్నాడు.